బుచ్చిలో బడి మిద్దె మీద ఎండ

నెల్లూరు నుంచి ముంబై రోడ్డు పట్టుకుంటే ఎంతోసేపు పట్టదు, బుచ్చిరెడ్డిపాలెం వచ్చేస్తుంది. ఇక్కడివాళ్లకు అది ఉత్త 'బుచ్చి'. సంగం దగ్గర పెన్న నుంచి మళ్లిన నీళ్లు కనిగిరి రిజర్వాయరుకు చేరి, ఈ చుట్టుపక్కల వరిని పండిస్తాయి. నేను వెళ్లిన మార్చిలో చేలు కోతకొచ్చి ఉన్నాయి. కోదండరామస్వామి గుడిలో దండం పెట్టుకుని ఒక ప్రభుత్వ బడికి నడిచాను. ఏడాదికి తాను వాడే కరెంటును తానే పుట్టించుకునే బడి మన ఊళ్లలో సాధ్యమా అన్నది చూడాలని వచ్చాను.

పై అంతస్తు గదిలో మూడు ఫ్యాన్లు తిరుగుతున్నా పిల్లల చొక్కాలు వీపుకు అంటుకుపోయి ఉన్నాయి. 'పదకొండు దాటితే శ్లాబు సెగ కక్కుతుంది సార్, పాఠం ఎవరి చెవికీ ఎక్కదు' అన్నారు టీచరమ్మ. మిద్దె ఎక్కి చూస్తే నల్లబారిన సిమెంటు. చెప్పులు విప్పి అడుగు వేయలేకపోయాను.

ప్రభుత్వ బడులను బాగుచేయడానికి రాష్ట్రంలో 2019 నవంబరు 14న మొదలైన 'మన బడి నాడు-నేడు' పథకం తొలి విడతలోనే 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, లైట్లు వచ్చాయి. పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. ఇక చేయాల్సింది ఆ ఫ్యాన్లు, లైట్లు మింగే కరెంటును తగ్గించడం.

లెక్క చూద్దాం. గదికి నాలుగు మామూలు ఫ్యాన్లు, నాలుగు పాత ట్యూబులైట్లు ఉంటే దాదాపు 460 వాట్లు. వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 200 వాట్లే. పది గదులు, రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 220 రోజులు అనుకుంటే, సుమారు 6,000 యూనిట్లు కావాల్సిన చోట 2,640తో సరిపోతుంది. మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ పలకలు ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు ఇస్తాయి. నీళ్ల మోటారు, కంప్యూటర్లు కలుపుకున్నా చిన్న బడికి మూడు కిలోవాట్లు చాలు. అందుకు మిద్దె మీద ముప్ఫై చదరపు మీటర్ల జాగా కావాలి.

బడికి కరెంటు కావాల్సింది పగలే, సూర్యుడు ఉండేదీ పగలే. కాబట్టి బ్యాటరీల ఖర్చు లేదు. వేసవి సెలవుల్లో తయారైన కరెంటు నెట్ మీటరు ద్వారా లైన్లోకి వెళ్లి బడి ఖాతాలో జమవుతుంది.

డబ్బు తక్కువైనప్పుడు ఏది ముందు అన్నదే అసలు సంగతి. మొదట మిద్దెకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేయాలి. దాంతోనే లోపలి వేడి రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది ఇందుకే. తరువాత పడమటి గోడ పక్కన కానుగ, వేప నాటాలి. ఫ్యాన్లన్నీ ఒక్కసారే మార్చనక్కర్లేదు, కాలిపోయినప్పుడల్లా కొత్త రకం కొంటే సరి. పలకలు ఆఖరున. వాటి దుమ్ము తుడిచే బాధ్యత ఎవరిదో బిగించే రోజే రాసిపెట్టుకోవాలి. లేకపోతే రెండేళ్లకే మూలన పడతాయి.

బుచ్చిలో చదువుకుని దూరాన స్థిరపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. మీ బడికి ఏదైనా చేయాలనుకుంటే, వచ్చే ఎండాకాలం లోపు ఆ మిద్దెకు సున్నం వేయించండి. మిగతావి దాని వెనుక వస్తాయి.