గీతకు రెండంగుళాల అవతల

1968 సెప్టెంబరు 9న న్యూయార్కులోని ఫారెస్ట్ హిల్స్‌లో యు.ఎస్. ఓపెన్ టెన్నిస్ పురుషుల సింగిల్స్ ఫైనల్ జరిగింది. గెలిచినవాడు ఆర్థర్ ఆష్. ఓడినవాడు నెదర్లాండ్స్ ఆటగాడు టామ్ ఓకర్. మొదటి బహుమతి 14,000 డాలర్లు. ఆ డబ్బు ఓడిన ఓకర్‌కు వెళ్ళింది. గెలిచిన ఆష్‌కు దక్కింది రోజుకు 20 డాలర్ల చొప్పున ఖర్చుల డబ్బు. మన మాటల్లో చెప్పాలంటే డీఏ.

ఈ సంగతి మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు చెబితే ఒకడు వెంటనే అడిగాడు: "నల్లవాడని ఇవ్వలేదా సార్?"

కాదు. అంతకుముందు పెద్ద టోర్నమెంట్లన్నీ అమెచ్యూర్లకే, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళకే. ప్రొఫెషనల్ ఆటగాళ్ళను లోపలికి రానిచ్చేవారు కాదు. 1968లో ఆ తలుపు తెరిచారు. ఆష్ అప్పుడు అమెరికా సైన్యంలో లెఫ్టినెంటు. దేశం తరఫున డేవిస్ కప్ ఆడాలంటే అమెచ్యూరుగానే ఉండాలి, అమెచ్యూరు బహుమతి డబ్బు ముట్టకూడదు. ఓకర్‌కు తీసుకునే వీలుంది, తీసుకున్నాడు. పిల్లవాడికి ఈ జవాబు నచ్చినట్టు లేదు. వాడి ప్రశ్న తప్పు ప్రశ్నేమీ కాదు, వేరేచోట అడగాల్సిన ప్రశ్న.

ఆ ఆట జరిగిన క్లబ్బు దగ్గర అడగాలి. తొమ్మిదేళ్ళ కిందట, 1959లో, రాల్ఫ్ బంచ్ అనే ఆయన కొడుకును ఆ క్లబ్బు సభ్యుడిగా చేర్చుకోలేదు, నల్లవాడని. తండ్రి ఎవరనుకున్నారు? ఐక్యరాజ్యసమితిలో పెద్ద అధికారి, 1950లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవాడు. పత్రికల్లో గొడవయ్యాక క్లబ్బు దిగివచ్చి రమ్మంది. తన పేరు చూసి పిలుస్తున్నారు తప్ప నల్లవాళ్ళందరికీ కాదని వాళ్ళు వెళ్ళలేదు. ఆ గడ్డి మీదే ఆష్ గెలిచాడు.

ఆట గురించి రెండు మాటలు. స్కోరు 14–12, 5–7, 6–3, 3–6, 6–3. మొదటి సెట్టు ఒక్కటే ఇరవై ఆరు గేములు సాగింది. అప్పటికి టై బ్రేక్ రాలేదు, ఒకరు రెండు గేముల తేడా చూపేదాకా ఆడాల్సిందే. ఆష్ బలం సర్వీసు. ఆ రోజు ఓకర్ ముట్టుకోలేని సర్వీసులు, ఏస్‌లంటారు, 26 కొట్టాడు. అయిదో సెట్టు గెలిచాక బహుమతి ఇచ్చేచోటికి ఆష్ తండ్రి వచ్చాడు. కొడుకు పక్కన నిలబడి ఏడ్చాడు.

ఆ తండ్రి వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో నల్లజాతి వాళ్ళ పార్కును చూసుకునే ఉద్యోగి. ఇల్లు ఆ పార్కులోనే, టెన్నిస్ కోర్టుల పక్కనే. ఆష్‌కు ఆరేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. ఊళ్ళో తెల్లవాళ్ళ కోర్టుల్లో ఆడనివ్వరు. అతన్ని తయారుచేసినవాడు లించ్‌బర్గ్‌లో వైద్యం చేసే డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్. వేసవి సెలవుల్లో నల్లపిల్లలను తన ఇంట్లో పెట్టుకుని ఆట నేర్పేవాడు. ఆయన నేర్పిన షాట్లకంటే నన్ను పట్టుకున్నది ఆయన పెట్టిన ఒక నియమం. ప్రత్యర్థి కొట్టిన బంతి గీతకు రెండంగుళాల అవతల పడినా సరే, లోపల పడినట్టే తిరిగి కొట్టాలి. అంపైరు తప్పు చెప్పినా వాదించకూడదు. మొహంలో కోపం కనిపించకూడదు. తెల్లవాళ్ళ టోర్నమెంటులో నల్లపిల్లవాడు ఒక్కసారి గొంతెత్తితే మళ్ళీ ఎవరినీ పిలవరని ఆయన భయం.

ఇది చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే ఈ నియమం నాకు తెలుసు. మేం హాస్టల్లో ఉన్నప్పుడు కబడ్డీ పోటీలకు మైదాన ప్రాంతానికి తీసుకెళ్ళిన సారు కూడా గూడెం నుంచి వచ్చినవాడే. బస్సెక్కే ముందు వరసలో నిలబెట్టి చెప్పేవాడు: "లైను తొక్కావంటే తొక్కాను అనండిరా. ఒక్కమాట మాట్లాడితే అడివోళ్ళు కొట్లాటకొచ్చారంటారు." కాలు గీతకు ఇవతలే ఉందని తెలిసీ తలొంచుకుని బయటికి వచ్చిన మావాళ్ళను చూశాను. మాకు అక్కడ మంచి పిల్లలని పేరు. ఆ పేరు కోసం ఎన్ని పాయింట్లు పోయాయో స్కోరు పుస్తకంలో ఉండదు.

జాన్సన్‌ను తప్పుపట్టడం నాకు చేతకాదు. ఆ నియమం లేకపోతే ఆష్ గేటు దాటేవాడు కాదేమో. మా సారు కూడా మమ్మల్ని కాపాడుకోవాలనే అన్నాడు. కాని రెండంగుళాలు అనేది చిన్న కొలత కాదు. గీతలోపల ఆడేవాడికి ఒక కోర్టు, మనకు అంతకంటే రెండంగుళాలు పెద్ద కోర్టు. అందులో అటూ ఇటూ పరిగెత్తి కాపాడుకుంటూ గెలవాలి. మన పిల్లలు శాంతంగా ఉంటారని మెచ్చుకునే ఉపాధ్యాయ మిత్రులు ఈ లెక్క కూడా వేయాలని నా మనవి.

ఆష్ మాత్రం ఎప్పటికీ నోరు మూసుకుని ఉండలేదు. గెలిచిన 1968లోనే, మార్చిలో, వాషింగ్టన్‌లో ఒక చర్చిలో నల్లజాతి ఆటగాళ్ళ బాధ్యత గురించి మాట్లాడాడు. సైన్యం అధికారులు మందలించారు. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. తరువాత దక్షిణాఫ్రికాలో ఆడతానంటే అక్కడి ప్రభుత్వం వీసా ఇవ్వలేదు. అడుగుతూనే ఉన్నాడు. 1973లో ఇచ్చారు. అక్కడ సింగిల్స్ ఫైనల్లో ఓడిపోయి డబుల్స్ గెలిచాడు. జోడీ ఎవరో కాదు, ఆ 14,000 డాలర్లు తీసుకున్న ఓకరే. 1975లో వింబుల్డన్ సింగిల్స్ గెలిచాడు. 1985లో, ఆట మానేశాక, వాషింగ్టన్‌లో దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు నిరసనలో నిలబడి అరెస్టయ్యాడు. కోర్టులో అంపైరుతో వాదించకుండా మిగిల్చుకున్న గొంతు అక్కడ వాడాడని నాకనిపిస్తుంది. అందరికీ ఆ అవకాశం రాదు. తలొంచడం నేర్చుకున్నవాడికి తల ఎత్తడం దానంతట అదే రాదు, మా బ్యాచ్‌లో చాలామందికి రాలేదు.

యు.ఎస్. ఓపెన్ ఇప్పుడు ఫారెస్ట్ హిల్స్‌లో జరగడం లేదు. ఫ్లషింగ్ మెడోస్‌లో, 1997లో ప్రారంభించిన పెద్ద స్టేడియంలో ఫైనల్ ఆడతారు. దానికి ఆర్థర్ ఆష్ పేరే పెట్టారు. ఆయన 1993లోనే చనిపోయాడు, చూడలేదు. 2021 నుంచి అక్కడ అన్ని కోర్టుల్లోనూ గీతల దగ్గర మనుషులు లేరు. బంతి బయటపడితే కెమెరాలే పట్టుకుని చెబుతాయి. వాటికి ఆడేవాడి రంగు తెలియదు, ఊరు తెలియదు.

మా జోనల్ పోటీల్లో సున్నంతో గీతలు గీస్తారు. మధ్యాహ్నానికి సగం చెరిగిపోతాయి. ఆ తరువాత కాలు లోపలుందా బయటుందా అన్నది ఈల పట్టుకున్నాయన ఇష్టం. ఈ ఏడు పిల్లలను తీసుకెళ్ళే వంతు నాది. ప్రతి ఆట విరామంలోనూ గీతలు మళ్ళీ గీయించమని నిర్వాహకులకు అర్జీ రాసిపెట్టాను. సున్నం బస్తా మేమే తెస్తామని కూడా రాశాను.