తేలు కుట్టిన రాత్రి

అప్పుడు నాది మూడో తరగతి. మా గూడెంలో బడి పేరుకే ఉండేది కాబట్టి ఉట్నూరు ఏజెన్సీలో ఓ ఆశ్రమ పాఠశాలలో వేశారు. బండల మీద చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. ఓ అర్ధరాత్రి మడమ మీద తేలు కుట్టింది. మంట తొడ దాకా పాకింది. ఒళ్లంతా చెమట, వాంతులు. నేను ఏడుస్తూ మా ఇంటి భాష గోండిలో చెబుతున్నాను. సారుకు గోండి రాదు, నాకు తెలుగులో అక్షరాలు తప్ప రావు. కొత్తగా చేరినోడు, ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడనుకున్నారాయన. కరెంటు లేదు, కాలు చూపించినా ఎవరికి కనబడుతుంది?

మా గూడెం పిల్లలే ఇద్దరు ఏడో తరగతిలో ఉన్నారు. "వీడేమంటున్నాడ్రా?" అని సారు వాళ్లను అడిగారు. "మాకు గోండి రాదు సార్" అన్నారు. మా ఇంట్లో గట్క తిని పెరిగినవాళ్లు!

వాళ్ల మీద నాకు కోపం లేదు. తరగతిలో గోండి మాట దొర్లితే గోడకుర్చీ వేయించేవారు. మైదానం పిల్లలు మా యాసను వెక్కిరించి "అడివోళ్లు" అనేవాళ్లు. గోండి వచ్చని ఒప్పుకోకూడదన్న సంగతి వాళ్లకు అప్పటికే బాగా ఒంటబట్టింది.

తెల్లారుజామున పొయ్యి ముట్టించడానికి వచ్చిన వంటామె కొలాం తెగ మనిషి, గోండి వచ్చు. పక్కన కూర్చుని గోండిలో అడిగింది. చెప్పాను. ఆమె కేకలు పెడితేనే జీపు వచ్చింది. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి అవ్వ నా కాలు పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు నేనూ ఆ ఏజెన్సీలోనే పంతుల్ని. ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగితే ఆత్రం, మెస్రం, తొడసం ఇంటిపేర్ల గోండు పిల్లలు "తెలుగు సార్" అంటారు. ఇంటర్వెల్లో కొట్లాడుకునేది గోండిలోనే. ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, వీళ్లే నెమలీకల టోపీ పెట్టి తలెత్తుకుని గుస్సాడీ ఆడతారు. ఆటకు పెద్దలు చప్పట్లు కొడతారు. వేదిక మీద మాట్లాడేదంతా తెలుగే. తమలో ఏది చూపించుకోవచ్చో, ఏది దాచుకోవాలో పిల్లలు దాన్నిబట్టే తెలుసుకుంటున్నారు.

పిల్లల భాషలో చదువు చెప్పడం కొత్తేమీ కాదు. 1940లలోనే మార్లవాయి గ్రామంలో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండి వాచకాలతో, గోండు ఉపాధ్యాయులతో బడి నడిపించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కొలామి, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి పుస్తకాలు వచ్చాయి. గోండి రాసే గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇవన్నీ నాకు గర్వమే. కానీ రాత్రి పదింటికి హాస్టల్లో ఓ పిల్లవాడు కడుపు పట్టుకుని ఏడిస్తే వాడి మాట అర్థమయ్యే పెద్ద మనిషి అక్కడ ఉండాలి. ప్రతి ఆశ్రమ పాఠశాలలో అలాంటి ఒక్కరినైనా పెట్టమని మండల సమావేశాల్లో అడుగుతూనే ఉన్నాను. ఒకటో తరగతికి పిల్లల ఇంటి భాష వచ్చిన పంతుల్ని కూడా.