అస్త్రమూ, దేవుడూ, మనిషి చెయ్యీ

దేవుణ్ణి నమ్మేవాడొకడు యిలాంటి పత్రికలో ఆయుధాలను గురించీ, అహింసను గురించీ రాయబూనడం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. నాకు రెండువైపులా మిత్రులున్నారు. కాలేజీలో నాతో పనిచేసేవారు, "మీ దేవుడు సర్వశక్తిమంతుడైతే బాంబు పడకుండా యెందుకు ఆపలేదండీ?" అని అడుగుతారు. ఆదివారంనాడు గుడిలో నా పక్కన కూర్చుని కీర్తనలు పాడేవారు, "అంతా దైవచిత్తం, అడగడానికి మనమెవరం?" అంటారు. పైకి చూస్తే వీరిద్దరికీ చుక్కెదురు. లోతుకు వెళితే యిద్దరూ అంటున్నది వొకే మాట: బాంబుకు బాధ్యుడు దేవుడు. వొకరు నేరం మోపి అంటారు, మరొకరు చేతులు జోడించి అంటారు. ఈ రెండు మాటలలో యేదీ నాకు సమ్మతం కాదు.

విషయాన్ని గాలిలో కాక నేలమీద నిలబెట్టి చూద్దాం. 1945 ఆగస్టు 9వ తేదీ వుదయం 11 గంటల 2 నిమిషాలకు నాగసాకి మీద ప్లుటోనియం బాంబు పేలింది. విమానం మొదట వెళ్ళింది కొకురా పట్టణానికి. అక్కడ గురి కనిపించనందువల్ల నాగసాకికి మళ్ళింది. బాంబు పేలిన చోటుకు అర కిలోమీటరు దూరంలో వురకామి దేవాలయం వుంది. ఆ పేట కథ సామాన్యమైనది కాదు. క్రైస్తవమతాన్ని నిషేధించిన ప్రభుత్వం కింద, గురువులు లేకుండా, గ్రంథాలు లేకుండా, రెండువందల యేళ్ళకు పైగా రహస్యంగా విశ్వాసం నిలుపుకున్న బీదరైతులు వాళ్ళు. 1868 తర్వాత మూడు వేలమందికి పైగా వురకామి క్రైస్తవులను ప్రభుత్వం వూళ్ళు వెళ్ళగొట్టింది. వందలమంది ప్రవాసంలోనే చనిపోయారు. 1873లో తిరిగివచ్చినవాళ్ళు, 1895లో మొదలుపెట్టి దాదాపు యిరవై యేళ్ళు కష్టపడి ఆ దేవాలయం కట్టుకున్నారు. పేటలో సుమారు 12,000 మంది కాథలిక్కులుంటే సుమారు 8,500 మంది ఆ బాంబుకు బలి అయ్యారు. వారితోపాటు జపాను బలవంతంగా తెచ్చి పనిలో పెట్టిన కొరియా కూలీలు వేలసంఖ్యలో చచ్చిపోయారు.

జపాను ప్రభుత్వం యెన్ని తరాలు హింసించినా అంతం చేయలేకపోయిన ఆ సంఘాన్ని క్రైస్తవ దేశమని చెప్పుకునే దేశం వొక్క పూటలో బూడిద చేసింది. ఇది దైవచిత్తమా?

అవునన్నవాడు పరాయివాడు కాదు. వురకామిలోనే కాపురమున్న డాక్టరు తకాషి నగాయి. రేడియాలజీ ఆచార్యుడు. బాంబులో భార్యను పోగొట్టుకున్నాడు. అప్పటికే రక్తపు కాన్సరు పట్టినవాడు. 1945 నవంబరు 23న శిథిలమైన దేవాలయం ముందర జరిగిన సంస్మరణ ఆరాధనలో మాట్లాడుతూ, యుద్ధపాపానికి ప్రాయశ్చిత్తంగా దేవుడు వురకామిని నిష్కళంకమైన గొర్రెపిల్లగా యెన్నుకున్నాడనీ, యిది దహనబలి అనీ, అందుకు కృతజ్ఞత చెల్లించాలనీ అన్నాడు. ఆ మనిషి దుఃఖం ముందు నేను తల వంచుతాను. తనవారు వూరికే చచ్చిపోలేదని నమ్మితే తప్ప మర్నాడు లేచి నడవలేని మనిషి అలా అనడంలో ఆశ్చర్యం లేదు. కాని దుఃఖానికి వూరట యిచ్చిన మాట, చరిత్రలోకి వచ్చేసరికి వేరే పని చేసింది. దేవుడే యెన్నుకున్నాడంటే, గురి పెట్టినవాడూ, ఆజ్ఞ యిచ్చినవాడూ, అంతవరకు యుద్ధం సాగదీసిన చక్రవర్తీ, సేనాపతులూ అందరూ వొక్కసారిగా కనుమరుగయ్యారు. జపానులోనే తర్వాతి విమర్శకులు యీ సంగతి యెత్తిచూపారు. నగాయి పుస్తకం 'నాగసాకి గంటలు' 1949లో అచ్చయింది. జపాను సైన్యం మనీలాలో చేసిన ఘోరాల వృత్తాంతాన్ని దానికి జతచేస్తేనే గాని అమెరికా ఆక్రమణ అధికారులు అచ్చుకు వొప్పుకోలేదు. దైవసంకల్పం కూడా సెన్సారు ఆఫీసు గుమ్మం దాటే బయటికి రావలసివచ్చింది!

మా పల్లెలో, నా చిన్నతనంలో, పత్తికి మందు కొడుతూ వొక కూలివాడు చేలోనే పడిపోయి చనిపోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు దైవచిత్తాన్ని గురించి మాట్లాడుతుంటే మా నాయనమ్మ అడ్డు తగిలింది. "అయ్యగారూ, దేవుడి మీదికి నెట్టమాకండి. మూతికి కట్టుకోను గుడ్డముక్కన్నా యియ్యకుండా మందు కొట్టించింది ఆసామి." అక్షరం రాని మనిషి. వేదాంతశాస్త్రం యెన్నో సంపుటాలలో చర్చించిన స్వేచ్ఛాచిత్తమనే సమస్యలో కీలకం ఆమె పట్టుకుంది. ఆమె దేవుణ్ణి తోసిపుచ్చలేదు. దేవుడి పేరు చాటున దాగిన మనిషిని బయటికి లాగింది.

బైబిలులో మొట్టమొదటి హత్య కథ చూడండి. కయీను తమ్ముడి మీద చెయ్యి యెత్తకముందే దేవుడు అతన్ని హెచ్చరిస్తాడు. పాపం వాకిట పొంచివుంది, దాన్ని నువ్వు లొంగదీసుకోవాలి అన్న భావం వచ్చేట్టు చెబుతాడు. చెప్పి వూరుకుంటాడు. చెయ్యి పట్టుకోడు. హత్య జరిగాక వచ్చి, నీ తమ్ముడెక్కడ అని అడుగుతాడు. అడిగాక, కయీనును మరొకరు చంపకుండా గుర్తు వేస్తాడు. చేతిని ఆపని దేవుణ్ణి నిందించే మిత్రులతో నేననేది యిది: చెయ్యి పట్టుకుని ఆపే దేవుడుంటే కయీను మనిషి కాడు, కీలుబొమ్మ. కీలుబొమ్మను యెవరూ విచారించరు. విచారణ లేనిచోట న్యాయం లేదు, విప్లవం అసలే లేదు. మనిషి తన చరిత్రను తానే చేసుకుంటాడనే మీ సూత్రానికీ, నా స్వేచ్ఛాచిత్తానికీ మీరనుకునేంత యెడం లేదు.

అయితే వొకటి వొప్పుకోక తప్పదు. వురకామిలో చనిపోయిన పసిబిడ్డకు యే స్వేచ్ఛ వుంది? విమానం నడిపినవాడి స్వేచ్ఛకు ఆ బిడ్డ మూల్యం చెల్లించడమేమిటి? దీనికి నా దగ్గర సమాధానం లేదు. సమాధానం వుందనే బోధకుణ్ణి నేను నమ్మను. సిలువ మీద యేసే దేవుణ్ణి యెందుకు విడిచావని అడిగాడు. ఆ ప్రశ్నకు సువార్తలలో ఆకాశం నుంచి జవాబు రాలేదు.

తెలుగు పంతులుగా నాకు తిక్కన సౌప్తికపర్వం తరచు తోడు వస్తుంది. అశ్వత్థామకు బ్రహ్మశిరోనామకాస్త్రం తండ్రి యిచ్చినదే. మనుషుల మీద ప్రయోగించవద్దని చెప్పి మరీ యిచ్చాడు ద్రోణుడు. కొడుకు స్వభావం తెలిసి, భయపడుతూనే యిచ్చాడు. అర్జునుడు తన అస్త్రాన్ని వుపసంహరించగలిగాడు. అశ్వత్థామ చేతకాక, పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్ళించాడు. వదలడం మాత్రమే తెలిసి, తిరిగి తీసుకోవడం తెలియని చెయ్యి చివరికి పుట్టని బిడ్డ మీద పడుతుందని మన కవి యేడు శతాబ్దాల కిందటే తెలుగులో చెప్పివున్నాడు. రేడియేషను తగిలిన గర్భిణుల కథలు చదివినప్పుడు ఆ ఘట్టం నాకు పురాణంగా తోచదు. హెచ్చరించి యిచ్చినంతమాత్రాన ద్రోణుడికి బాధ్యత తప్పదు. కయీనును హెచ్చరించిన దేవుడి మాట వేరు; అతను చెయ్యి యిచ్చాడు, అస్త్రం యివ్వలేదు. అస్త్రం మనం చేసుకున్నదే.

చేసుకోకుండా వుండటం సాధ్యమా? సాధ్యమేనని చూపిన మనుషులున్నారు. జోసెఫ్ రోట్‌బ్లాట్ అణుబాంబు తయారీలో పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. జర్మనీ బాంబు చేయలేదని తేలగానే 1944 చివర ఆ పని వదిలి వెళ్ళిపోయాడు. మిగిలిన జీవితం అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా గడిపాడు. 1995లో నోబెల్ శాంతి బహుమానం ఆయనకూ, ఆయన పెంచిన పగ్‌వాష్ సంస్థకూ వచ్చింది. ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ ఆస్ట్రియా రైతు. హిట్లరు సైన్యంలో పోరాడనన్నాడు. భార్యాబిడ్డలను చూసుకొమ్మని బిషప్పు నచ్చచెప్పినా వినలేదు. 1943 ఆగస్టు 9న తల నరికారు. నాగసాకికి సరిగ్గా రెండేళ్ళ ముందు అదే తేదీ. ఇందులో దైవలీల వెతకను. వొకే మతం రెండు దారులలో నడిచిందన్నదే నేను గమనించేది. ఆ రెండో దారిలో, అణుబాంబులు వేసిన దళానికి తినియన్ దీవిలో జార్జి జబెల్కా అనే కాథలిక్కు గురువుండేవాడు. పట్టణాల మీద బాంబులు వేసి జనాన్ని చంపడం పాపమని ఆ రోజుల్లో తాను నోరు విప్పలేదని తర్వాత ఆయనే బహిరంగంగా చెప్పుకుని, మిగతా బ్రతుకు శాంతి వుద్యమానికి యిచ్చాడు.

ఇక్కడ అభ్యుదయ మిత్రులు వేసే రెండో ప్రశ్న మొదటిదానికంటె పదునైనది. "అందరికీ వొకే స్వేచ్ఛ వుందా? అధ్యక్షుడి చిత్తమూ, బాంబు ఫాక్టరీలో కూలివాడి చిత్తమూ వొకటేనా? అణగారినవాడికి అహింస బోధించడం యెవరి మేలు కోసం?"

స్వేచ్ఛ అధికారంతోపాటు పెరుగుతుంది. బాధ్యత కూడా అంతే. కనుక అహింసాబోధ పైనుంచి కిందికి దిగాలి గాని, కింద మొదలై కిందే ఆగిపోకూడదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి బలి అయ్యాడు. ఆ తర్వాత వడిసెల పట్టిన తెలంగాణ రైతునూ, నాగసాకి మీద బాంబు వేయించినవారినీ హింస అనే వొకే పేరుతో వొకే గాట కట్టే వేదాంతం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన తర్వాత పల్లెకు వచ్చి వోర్పు బోధించేవాడు, ముందు గొడ్డళ్ళున్న వీధికి వెళ్ళి ఆ బోధ చేసి రావాలి.

అలాగని కత్తిని ఆశీర్వదించనూ లేను. యేసును పట్టుకోవచ్చిన రాత్రి శిష్యుడొకడు కత్తి దూశాడని నాలుగు సువార్తలూ చెబుతాయి. దూసినవాడు పేతురనీ, చెవి తెగినవాడు మల్కు అనీ యోహాను మాత్రమే పేర్లు చెబుతాడు. ఆ చెవిని యేసు బాగుచేశాడని లూకా మాత్రమే చెబుతాడు. మల్కు యెవరు? ప్రధానయాజకుడు కాడు, అతని దాసుడు. కత్తి దూసింది అధికారం మీద. తెగింది దాసుడి చెవి! ఆయుధం తరచు చేసే పని యిదే. వడిసెల రాయి యెవరికి తగులుతుందో విసిరేవాడికి కొంతవరకైనా తెలుసు. ఆయుధం పెద్దదయ్యేకొద్దీ గురి తప్పి దాసుల మీదే పడుతుంది. నాగసాకిలో పడింది కొరియా కూలీల మీద, బడిపిల్లల మీద, వురకామి బీదల మీద. అణ్వస్త్రం యే వర్గానికీ ఆయుధం కాలేదు. దానితో విముక్తి పొందగల పీడితుడు లేడు. సోషలిస్టు దేశం చేతిలో వున్నా యింతే.

1945 జులై 16న పేల్చిన మొదటి అణుబాంబు పరీక్షకు 'ట్రినిటీ' అని పేరు పెట్టారు. మా దేవుడి పేరు. 1974లో మన దేశం పోఖ్రాన్‌లో చేసిన పరీక్షకు బుద్ధుడి చిరునవ్వు పేరైంది. నేడు తొమ్మిది దేశాల దగ్గర సుమారు 12,000 అణ్వస్త్రాలున్నాయి. అణ్వస్త్ర నిషేధ వొప్పందం 2017లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొంది, 2021 జనవరి 22న అమలులోకి వచ్చింది. ఆ తొమ్మిది దేశాలలో వొక్కటీ, మనదీ సహా, అందులో చేరలేదు. వాటికన్ చేరింది. 2019లో నాగసాకిలో నిలబడి పోపు ఫ్రాన్సిస్ అణ్వస్త్రాలను ఖండించాడు. వాటిని వాడటమే కాదు, కలిగివుండటం కూడా అనైతికమని అదే యాత్రలో చెప్పాడు. బాంబు బాధితుల సంఘం నిహోన్ హిదాంక్యోకు 2024లో శాంతి బహుమానం వచ్చింది. వారు దైవచిత్తమని సరిపెట్టుకోలేదు. దశాబ్దాలపాటు ప్రభుత్వాలను పేరు పెట్టి నిలదీశారు.

నాస్తికులైన మిత్రులను నా దేవుణ్ణి నమ్మమని నేను అడగటం లేదు. బాంబు ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన్ను ముద్దాయి చేసి అసలు ముద్దాయిలను వదిలేయవద్దని మాత్రమే అడుగుతున్నాను. నా తోటి విశ్వాసులను అడిగేది యింకా కఠినమైనది. నీ తమ్ముడెక్కడ అన్న ప్రశ్నకు దైవచిత్తమని జవాబు చెప్పకండి. ఆ ప్రశ్న వేస్తున్నది దేవుడే.