తోటేమో సైట్లయ్యింది, కంటికేమో సైటొచ్చింది

మొన్న మార్చిలో మా నాయినకు ఎడమ కంటి ఆపరేషన్ చేయించాం. "మోతిబిందు వచ్చింది బిడ్డా, లైటు చుట్టూ మంచు పట్టినట్టు కానొస్తుంది" అని ఏడాది నుంచి చెప్తూనే ఉన్నాడు. ఈ రిలీజ్ అయిపోనీ, ఆ రిలీజ్ అయిపోనీ అంటూ నేనే లేట్ చేశాను. ఆపరేషన్‌కు ముందు కనుగుడ్డు పొడవు కొలుస్తారు. లోపల పెట్టే లెన్స్ ఎంత పవర్ ఉండాలో తేల్చడానికి అన్నమాట. ఆ కాగితం నా చేతికిచ్చారు. అందులో ఒక అంకె: 22.9 మిల్లీమీటర్లు.

నా ఫోన్‌లో నా రిపోర్టు కూడా ఉంది. రెండేళ్ల కింద లేజర్ చేయించుకుని కళ్లద్దాలు వదిలించుకుందామని వెళ్లినప్పటిది. తీసి చూశాను. నాది 26.3.

మా నాయిన నాకంటే జానెడు పొడుగు. చెయ్యి పెద్దది, పాదం పెద్దది, ముక్కు పెద్దది. కన్ను మాత్రం నాదే పెద్దది!

నవ్వుకునేదాన్నే. కానీ అదే నెలలో మా అన్న కూతురికి స్కూల్లో కంటి పరీక్ష చేశారు. ఏడేళ్లు, రెండో తరగతి. మైనస్ ఒకటిన్నర అన్నారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే దాని కన్ను కూడా కొలిచారు. 23.6. అంటే 62 ఏళ్ల తాత కన్ను కంటే ఏడేళ్ల మనవరాలి కన్ను పొడుగు. దానికింకా పాలపళ్లే పూర్తిగా ఊడలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద పంచాయితీ. "క్యారెట్ తినుమంటే తినది" అని అమ్మ. "అన్నం తినేటప్పుడు ఫోన్ ఇవ్వొద్దని వందసార్లు చెప్పిన" అని వదిన. "మా చెల్లె పోలిక వచ్చింది, అంతే" అని అన్న. "ఇప్పుడే అద్దాలెందుకు, అలవాటైతే పవర్ ఇంకా పెరుగుతది, ఆడపిల్లాయె" అని మళ్లీ అమ్మ. నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు ఫోటోలో అద్దాలు తీసేయమన్నది కూడా అమ్మే. అద్దాలు తీసి ఫోటో దిగితే కెమెరా ఎటుందో నాకే కనపడలేదు, అది వేరే సంగతి. నాయిన మాత్రం ఏమీ మాట్లాడలేదు.

నేను డీబగ్గింగ్ చేసి బతికేదాన్ని. ఒక్క ఇంట్లో మూడు తరాలు, మూడు అంకెలు. ఎక్కడ తేడా వచ్చిందో చూడకుండా ఉండలేకపోయాను.

ముందు అసలు సంగతి. పుట్టినప్పుడు మన కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. పెరిగి పెద్దయ్యాక 23, 24 దగ్గర ఆగాలి. అక్కడ ఆగితే దూరంగా ఉన్న బొమ్మ సరిగ్గా వెనక ఉన్న రెటీనా పొర మీద పడుతుంది. ఆగకుండా పెరిగితే బొమ్మ పొరకు ముందే పడుతుంది, దూరంవి మసకగా కనిపిస్తాయి. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే సుమారు రెండున్నర నుంచి మూడు మైనస్. మనం "సైటొచ్చింది" అనే మాటకు చాలామంది విషయంలో అర్థం ఇదే. కన్ను బలహీనపడలేదు, అవసరానికి మించి పొడుగైంది. క్యారెట్ తింటే పొడుగైన కన్ను పొట్టిది కాదు.

లేజర్ చేసినా కాదు. నేను వెళ్లినప్పుడు డాక్టర్ ఆ ముక్కే చెప్పారు. లేజర్ కంటి ముందుభాగాన్ని చెక్కి వెలుగు దారి సరిచేస్తుంది, అద్దాలు పోతాయి. కానీ కన్ను పొడవు అట్లనే ఉంటుంది. బెలూన్ ఊదినకొద్దీ రబ్బరు పలచబడ్డట్టు, పొడుగైన కంట్లో రెటీనా సాగుతుంది. నా కుడికంట్లో అంచుల దగ్గర రెండుచోట్ల పలచబడిందట. "సడన్‌గా మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు గుంపుగా వచ్చినా, తెర దిగినట్టు అనిపించినా అదేరోజు రావాలమ్మా. రేపు మీటింగుంది అనొద్దు" అన్నారు. మైనస్ ఆరు దాటిన వాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. నాది మైనస్ ఆరున్నర. నేను ఆ రోజు లేజర్ చేయించుకోలేదు, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకుంటున్నాను. మీకూ ఈ పవర్ ఉంటే, లేజర్ అయిపోయినా సరే, ఆ ఒక్క పని మానొద్దు.

ఇప్పుడు మా పాప ఏడేళ్లకే మొదలుపెట్టింది. నాకు ఎనిమిదో తరగతిలో మొదలైంది. ఎంత ముందు మొదలైతే అంత ఎక్కువకాలం పెరుగుతుంది. నా భయం దాని కళ్లద్దాల గురించి కాదు, ఆ లెక్క గురించి.

మాది మేడ్చల్. తోట శామీర్‌పేట దిక్కు ఉండేది, మూడెకరాల ద్రాక్షతోట. అనాబ్-ఎ-షాహీ రకం. ఇప్పుడు చెప్తే నమ్మరు గానీ, ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్ష పందిళ్లే. కాయ తీపెక్కే రోజుల్లో చిలుకలు దిగేవి. నాయిన గట్టుమీద నిలబడి, ఇంకా అవి పక్క తోట దాటకముందే "వచ్చినయ్ చూడు" అని డబ్బా కొట్టేవాడు. నాకు ఆకాశమే కనిపించేది. మా నాయినకు ఏవో శక్తులున్నాయని చిన్నప్పుడు నా నమ్మకం. 2018లో కంటి వెలుగు క్యాంపు పెట్టినప్పుడు ఆయనకు మొదటిసారి అద్దాలిచ్చారు. అవి కూడా చత్వారానికి, పేపర్ చదవడానికి. దూరం చూపు అప్పటికీ కడిగిన అద్దంలాగే ఉంది.

2012లో నాకు పదో తరగతి అయిపోయింది. అన్న అప్పటికే ఇంజినీరింగులో ఉన్నాడు. అదే ఏడు నాయిన తోట అమ్మాడు. ఔటర్ రింగు రోడ్డుతో రేట్లు పెరిగిపోయాయి, చుట్టూ అందరూ అమ్మేశారు. పందిళ్లు పీకి, రాళ్లు పాతి, సున్నం గీతలు కొట్టి సైట్లు చేశారు. ఆ డబ్బుల్లోంచే నా ఇంటర్ హాస్టల్ ఫీజు కట్టాడు.

మీలో చాలామందికి ఆ హాస్టల్ గురించి చెప్పక్కర్లేదు. పొద్దున ఐదున్నరకు లేపడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. కింద క్లాసులు, పైన రూములు, మధ్యలో మెస్. గ్రౌండ్ లేదు. నెలకోసారి ఔటింగ్. ఎండ మొహం చూడకుండా వారాలు గడిచిపోయేవి. చేతిలో ఫోన్ కూడా లేదు, గుర్తుపెట్టుకోండి. అయినా హాస్టల్లో చేరేటప్పుడు మైనస్ రెండున్నర ఉన్న నేను బయటికొచ్చేసరికి మైనస్ నాలుగున్నర. మిగతాది ఇంజినీరింగులో.

అందుకే "అంతా ఫోన్ వల్లే" అంటే నాకు పూర్తిగా ఒప్పబుద్ధి కాదు. ఫోన్ దగ్గరి చూపుకు దగ్గరి చూపు తోడుచేస్తుంది, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెడుతుంది. అది నిజమే. కానీ కథ ఫోన్ కంటే పాతది.

1969లో అచ్చయిన ఒక పరిశోధనలో అలాస్కా ఉత్తర కొసన ఎస్కిమో కుటుంబాల కళ్లు పరీక్షించారు. బడి, పుస్తకం లేకుండా మంచులో, ఆరుబయట పెరిగిన పాతతరం 131 మందిలో ఇద్దరికే దూరపు చూపు మసక. వాళ్ల పిల్లల్లో, మనవల్లో సగం మందికి పైగా ఉంది. ఒక్క తరంలో వంశం మారిపోదు కదా. మారింది బతుకు. మా ఇంట్లో జరిగింది అదే, మంచు బదులు ద్రాక్షతోట.

వంశం పాత్ర లేదని కాదు. అమ్మానాన్నలకు మైనస్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువే. అయితే 2008లో వచ్చిన ఒక పరిశోధన చూడండి. సింగపూర్‌లో ఉన్న చైనా మూలాల ఆరేడేళ్ల పిల్లలను, సిడ్నీలో ఉన్న అదే మూలాల పిల్లలను పోల్చారు. తల్లిదండ్రుల్లో మైనస్ ఉన్నవాళ్లు రెండుచోట్లా దాదాపు సమానం. పిల్లల్లో మాత్రం సింగపూర్‌లో నూటికి 29 మంది, సిడ్నీలో ముగ్గురు. సిడ్నీ పిల్లలు పుస్తకాలు తక్కువేమీ చదవలేదు. బయట గడిపిన సమయమే పెద్ద తేడా. వాళ్లు వారానికి దాదాపు 14 గంటలు, సింగపూర్ పిల్లలు మూడే గంటలు.

ఎండకూ కన్ను పొడవుకూ ఏం సంబంధం? మాబోటి ఇంజినీర్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కన్ను కొలత ముందే రాసిపెట్టిన నంబర్ కాదు, ఫీడ్‌బ్యాక్ లూప్. కోడిపిల్ల కంటికి లెన్స్ తగిలిస్తే, ఆ లెన్స్‌కు సరిపోయేట్టు దాని కన్ను పెరుగుతుంది. మెదడుకు వెళ్లే నరం తెంపినా పెరుగుతుంది. అంటే రెటీనాయే చూసి, "ఇంకా పెరుగు", "ఇక చాలు" అని సిగ్నల్ ఇస్తోంది. వెలుతురు బాగా పడితే రెటీనాలో డోపమైన్ ఎక్కువ విడుదలవుతుందని, "ఇక చాలు" అనే సిగ్నల్‌లో దానికి పాత్ర ఉందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. నేను ఫోన్‌లో లక్స్ యాప్ వేసి చూశాను. మా హాల్లో ట్యూబ్‌లైట్ కింద 140. సాయంత్రం ఐదింటికి డాబా మీద 9,000 దాటింది. మనకు ఈ తేడా అంతగా తెలియదు, చూపు వెలుతురుకు సర్దుకుంటుంది కాబట్టి. రెటీనాకు మాత్రం హాలు చీకటిగదే.

చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల బయట పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లలో కొత్తగా మైనస్ వచ్చినవాళ్లు మామూలు బడుల్లో నూటికి 39.5, ఈ బడుల్లో 30.4. మాయ కాదు, మందు కాదు, ఒక్క పీరియడ్. తైవాన్ అయితే 2010 నుంచి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండాలని కార్యక్రమమే పెట్టుకుంది.

మన దగ్గర? 2002లో అచ్చయిన సర్వేలో మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో నూటికి నలుగురికే మైనస్. అదే పద్ధతిలో ఢిల్లీ నగరంలో చూస్తే ఏడుగురు పైచిలుకు. అప్పటి ఆ పల్లె పిల్లలు ఈరోజు తల్లులు, తండ్రులు. వాళ్ల పిల్లలు ఎక్కడ పెరుగుతున్నారో మేడ్చల్ నుంచి కొంపల్లి దాకా అపార్ట్‌మెంట్లు చూస్తే తెలుస్తుంది.

ఇదంతా ఒక ఆదివారం డాబా మీద నాయినకు చెప్పాను. చెప్పడం అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"అంటే తోట అమ్మి నీ కండ్లు నేనే ఖరాబ్ చేసిన్నా బిడ్డా?"

ఈ ప్రశ్న వస్తుందని ముందే ఊహించి ఉండాల్సింది. ఆ రాత్రి పంచాయితీలో ఆయన మౌనంగా ఉన్నది కూడా ఇందుకేనేమో.

"లేదు నాయినా" అన్నాను. "తోట అమ్మకపోతే నేను చదివేదాన్ని కాదు. అమ్మ లాగా పద్దెనిమిదేళ్లకే పెళ్లయ్యేది. నువ్వు చదువు కొన్నవ్. ఆ చదువుతోపాటు ఎండ కూడా కట్ చేస్తారని నీకెవరూ చెప్పలేదు. కట్ చేయాల్సిన పని కూడా లేదు. ఆ హాస్టల్‌కు కూడా డాబా ఉండె. తాళం వేసి పెట్టిన్రు, అంతే."

ఆ మాట అన్నాకే నాకూ స్పష్టమైంది. చదువుకూ ఎండకూ నిజానికి పోటీ లేదు. మనమే పెట్టాం. మా అన్న స్కూల్ మీటింగులో "పీటీ పీరియడ్ లెక్కలకు తీసుకోకండి సార్" అంటే, "మరి సిలబస్ ఎట్లవుతుంది?" అన్నారట. అడగడం ఆపొద్దని అన్నకు చెప్పాను. ఒక్కరు అడిగితే చాదస్తం, పదిమంది అడిగితే టైమ్‌టేబుల్ మారుతుంది.

పాప విషయంలో ఇప్పుడు చేస్తున్నది ఇది. అద్దాలు పూర్తి పవర్‌తో, రోజంతా పెట్టుకుంటుంది. అద్దాలు పెడితే పవర్ పెరుగుతుందనేది అపోహ అని డాక్టరే అమ్మకు చెప్పారు. రాత్రి పడుకునే ముందు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్క వేస్తున్నాం. అందరికీ ఒకటే మందు కాదు, డాక్టర్ చూసి రాస్తేనే. ఆర్నెల్లకోసారి పొడవు కొలుస్తారు. ఇక రోజూ సాయంత్రం తాతతో బయటికి. ఎండ ఎక్కువుంటే చెట్టు నీడే చాలు, ఆ నీడలో కూడా హాలు కంటే ఎన్నో రెట్ల వెలుతురు. ఒకసారి మైనస్ మొదలయ్యాక బయట తిప్పడం వల్ల లాభం కొంతే, అసలు లాభం మొదలు కాకముందు. అందుకే మా వదిన కడుపులో ఉన్న రెండోదాని కోసం నేను ఇప్పటినుంచే ప్లాన్ చేస్తున్నానని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు.

పోయిన ఆదివారం ముగ్గురం శామీర్‌పేట చెరువు కట్ట మీదికి వెళ్లాం. నాయినకు కొత్త లెన్స్ కన్ను, పాపకు గులాబీరంగు అద్దాలు, నాకు మందపాటివి. అవతలి ఒడ్డున ఏముందో చెప్పే ఆట పెట్టాడు నాయిన. ఆయనేమో "తాటిచెట్టు" అన్నాడు. పాప అద్దాలు సర్దుకుని చూసి, "తాతా, తాటిచెట్టు కింద తెల్లకొంగ, అది కూడా ఒంటికాలు మీద" అంది.

నాకు తాటిచెట్టు ఒక్కటే కనిపించింది. కొంగ ఉందో లేదో తెలియదు గానీ, నాయిన మొహంలో నవ్వు మాత్రం కనిపించింది.

సెప్టెంబరులో మళ్లీ కొలుస్తారు.