చీటీలును కాపురములును

42, 7, 19, 3, 28 అను అయిదు సంఖ్యలను చిన్నదానినుండి పెద్దదానివఱకు వరుసగా నిలుపుట పలక పట్టిన బాలునికైనను కష్టము కాదు. అయినను ఆ పనినే కంప్యూటరుచేత సి భాషలో చేయింపబూని బబుల్ సార్ట్ అను పద్ధతిని వ్రాసిన నాకు, ఆ అయిదంకెలే మూడు రాత్రులు నిద్ర లేకుండ జేసి, పాయింటరనగా నేమో నేనింకను ఎఱుగనని తెలియజెప్పినవి.

ప్రక్కప్రక్కనున్న రెండింటిని పోల్చి, ముందున్నది పెద్దదైనచో తారుమారు చేయుచు అర్రే యనబడు ఆ వరుస పొడవునను మరల మరల సాగుటయే ఈ పద్ధతి. విడతకొకటిగా, మిగిలినవానిలో పెద్దది బుడగవలె తేలి తుదకు చేరును. తారుమారు చేయుటకై స్వాప్ అను ఫంక్షనును వేఱుగా వ్రాసితిని. కంపైలరు ఒక్క తప్పునైనను చూపలేదు. ప్రోగ్రాము నడచెను, సంఖ్యలు మాత్రము ఇచ్చినవి ఇచ్చినట్లే తిరిగివచ్చెను.

సి భాషలో ఫంక్షనునకు అందునది విలువయొక్క నకలే గాని, ఆ విలువ కాపురమున్న తావు గాదు. నా స్వాప్ ఆ నకళ్ళనే శ్రద్ధగా తారుమారు చేసి, పని ముగియగానే వానితోగూడ అంతరించుచుండెను. సి భాషను గూర్చి కెర్నిహన్, రిచీలు 1978లో వెలువరించిన గ్రంథమున అయిదవ అధ్యాయము ఈ స్వాప్‌నే ఉదాహరణముగా గైకొని ఈ సంగతినే బోధించుచున్నది. ఆ పుటను నేను పూర్వమే చదివియుంటిని గాని, పొరబడిన పిమ్మట చదివినప్పుడు గదా అందలి ప్రతివాక్యమును నాకొఱకే వ్రాసినట్లు తోచెను!

అంత, విలువలకు మాఱు వాని చిరునామాలను, అనగా పాయింటరులను, పంపితిని. అప్పటికిని సంఖ్యలు కదలలేదు. ఈ రెండవ పొరపాటే నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, పాయింటరుల మర్మమంతయు నాకు దీనియందే దొరకినది. స్వాప్ లోపల నక్షత్రపు గుర్తును (*) మఱచి, చిరునామాలనే ఒండొంటితో మార్చియుంటిని. రెండిండ్ల చిరునామాలు వ్రాసిన చీటీలను కుడిచేతినుండి ఎడమచేతికిని, ఎడమచేతినుండి కుడిచేతికిని మార్చుకొన్నంతమాత్రమున ఆ యిండ్లవారు కాపురములు మార్చుకొందురా? చీటీని చూచి, ఆ వీథికి నడచి, తలుపు తట్టి, లోపలివారిని వెలికి రప్పింపవలె. ఆ నడకయే నక్షత్రపు గుర్తు.

గుర్తు చేర్చితిని, సంఖ్యలు కదలెను. కాని తెరపై 0, 3, 7, 19, 28 అని వచ్చెను. 42 ఏమయ్యెను? ఎన్నడును ఇయ్యని సున్న ఎచ్చటినుండి వచ్చెను? లూపు ఒక్క అడుగు ఎక్కువ నడచుచు, తుది సంఖ్యను దాని ప్రక్కదానితో పోల్చుచుండెను. తుదిదానికి ప్రక్కన నాది యనదగినదేదియు లేదు, అచ్చట నెవరిదో జ్ఞాపకస్థానము. సి భాష ఆ పొలిమేరయందు కావలివానిని నిలుపదు. పరుల తావున నున్న సున్న లోనికి వచ్చెను, నా 42 వెలికి పోయెను.

లూపు హద్దును ఒకటి తగ్గించి, సార్టింగునకు ముందొకమాఱును పిమ్మట నొకమాఱును చిరునామాలను అచ్చువేయించితిని. నాలుగేసి బైట్ల యెడముతో అయిదు తావులును ఎక్కడివక్కడనే యుండెను. 42 ఉండిన మొదటి యింట ఇప్పుడు 3 కాపురముండెను.