కాతిబ్ పేరు

రాత్రి పన్నెండైనా మా అమ్మాయి లాప్‌టాప్ ముందే. మాట్‌ప్లాట్‌లిబ్‌లో తప్పులు సరిచేస్తోందట. అంకెల్ని గ్రాఫులుగా, తస్వీర్లుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అది.

"పైసలిస్తారా బేటీ?"

"లేదు అబ్బూ."

"మరెందుకీ ముఫ్త్ మెహనత్?" కసిరాను.

అప్పుడు చెప్పింది కిస్సా. మూర్ఛ రోగుల మెదడులోని విద్యుత్ సంకేతాల్ని కళ్లారా చూడ్డానికి జాన్ హంటర్ అనే శాస్త్రవేత్త దాన్ని రాసుకున్నాడు. 2003లో దునియా మొత్తానికి ఇచ్చేశాడు. 2012లో, 44 ఏళ్లకే, కేన్సర్‌ వల్ల ఇంతెఖాల్ అయ్యాడు. 2019 ఏప్రిల్ 10న కృష్ణబిలం మొదటి తస్వీర్ బయటికొచ్చింది. దాని తయారీలో మాట్‌ప్లాట్‌లిబ్ కూడా ఉంది. సరిగ్గా ఐదు రోజులకి, ఇలాంటి సాఫ్ట్‌వేర్ల కోసం పెట్టుకున్న దరఖాస్తుని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తిరగ్గొట్టింది. వాటి ప్రభావం చాలదట! ఆ ఏడాది చివర్లో చాన్ జుకర్‌బర్గ్ సంస్థ కొంత ఇచ్చింది.

"తస్వీర్ అందరూ చూశారు. అది గీసిన ఖలం ఖర్చు ఎవరూ అడగలేదు అబ్బూ."

మా మామూజాన్ యాదికొచ్చాడు. ఉర్దూ అఖ్బార్‌లో కాతిబ్. ఖబర్లన్నీ చేత్తో రాసేవాడు. పేపరు లేటయితే తిట్లు ఆయనకి, బాగుంటే తారీఫ్ ఎడిటర్‌కి. చిన్నప్పుడు పిల్లల పేజీలో నా మజ్మూన్ పడితే, కింద నా పేరు రాసింది ఆయన ఖలమే. ఇన్నేళ్ల జర్నలిజంలో ఆయన పేరు నేనెక్కడా రాయలేదు.

లేచి, బేటీకి చాయ్ పెట్టాను.