మోండాను చూడ్డానికి మాధాపూర్ దాకా

చలికాలం వచ్చిందంటే హైదరాబాదులో బొమ్మల సీజను మొదలైనట్టే. 2015లో పుట్టిన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ మాధాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో మకాం వేస్తుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గ్యాలరీలు కొత్త కాన్వాసులు ఎక్కిస్తాయి. ప్రవేశం ఉచితం. సికింద్రాబాదువాసికి మాత్రం ఆ ఉచితం కాస్త ఖరీదైనదే. మెట్టుగూడలో మెట్రో ఎక్కి, బేగంపేట, అమీర్‌పేట దాటి, మాధాపూర్‌లో దిగి, ఆటోవాడితో బేరమాడి కావూరి హిల్స్ చేరాక, తీరా గోడ మీద కనిపించేది మోండా మార్కెట్టు కావచ్చు. పొద్దున సంచీ పట్టుకుని వెళ్లి కొత్తిమీర కొన్న మార్కెట్టే. ఇక్కడ నలుపు తెలుపుల్లో, నల్ల చట్రంలో, సంతకంతో.

పోనీ, అదైనా సరిగ్గా కనిపిస్తుందా అంటే, ముందు అద్దం అడ్డొస్తుంది.

గ్యాలరీలకు వెళ్లేవాళ్లలో ఈ అద్దం మీద కక్ష లేనివాళ్లు అరుదు. ఫోటోకు మెరిసే అద్దం బిగిస్తారు, దానికి తిన్నగా లైటు కొడతారు. ఇక చూసేవాడికి మొదట ట్యూబులైటు, తర్వాత ఎదుటి గోడ, ఆ తర్వాత తన బట్టతల, అన్నీ అయ్యాక మిగిలిన జాగాలో ఫోటో. కూలీ ముఖం చూడాలంటే ఎడమకు ఒంగాలి, వెనకున్న బండి చూడాలంటే కుడికి జరగాలి. ప్రదర్శనశాలల్లో లైటును నిటారు నుంచి 30 డిగ్రీల వాలులో పెట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. బొమ్మ నడిమధ్య నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలన్నదీ పాత లెక్కే. మెరుపు విరిచే అద్దాలు బజారులో దొరుకుతాయి. ఖరీదనుకుంటే అద్దమే మానేసి, ప్రింటును పలక మీద అతికించి వేలాడదీయొచ్చు. ఇన్ని దారులుండగా ఆ మెరిసే అద్దాన్నే ఎంచుకోవడానికి పట్టుదల ఉండాలి.

పక్క గదిలో అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలు. ఆయిల్, అక్రిలిక్ కాన్వాసులకు అద్దాల బెడద లేదు. దాని బదులు గుమ్మం పక్కన ఒక పెద్ద కాగితం ఉంటుంది. ఉనికి, శూన్యం, అంతర్యానం అన్న మూడు మాటలూ లేకుండా ఆ కాగితం అచ్చవదు. దాన్ని చదివి లోపలికి వెళ్తే బొమ్మకిందేమో ‘అన్‌టైటిల్డ్’. అన్ని మాటలు గోడకెత్తినవారు బొమ్మకు ఒక్కటి దాచుకోలేకపోయారు.

అలాగని ‘మా పిల్లాడూ ఇలాగే గీస్తాడు’ అనేవాళ్ల పక్షం చేరడానికి లేదు. తెలుగువాళ్లకు ఈ బాట కొత్తది కాదు. కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకు వెళ్లిన పి.టి. రెడ్డి 1940లలోనే అక్కడి కుర్రకారు ఆధునికుల్లో ఒకరు. తర్వాత హైదరాబాదులో కూర్చుని తాంత్రిక రేఖల్లోకి దిగారు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు లండన్ మీదుగా షికాగో చేరి, రంగునే నమ్ముకుని బతికారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ తుక్కు కార్లు గీశారు. తుప్పు, ముడతపడ్డ రేకు, ఊడిన తలుపు. కాసేపు చూస్తే కారు పోయి రంగు మిగులుతుంది. తర్వాత ఆయన నీళ్ల మీదికీ ఆకుల మీదికీ వెళ్లిపోయారు గానీ, ఆ తుక్కు బొమ్మల ముందు రాణిగంజ్ విడిభాగాల వ్యాపారి నిలబడితే కాగితం చదవాల్సిన పనిలేదు.

నిజానికి ఆ రెండు గదుల మధ్య గోడ అక్కర్లేదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ 1940ల నుంచి పెచ్చులూడిన గోడలు, చిరిగిన పోస్టర్లు, కారిన తారు, వీటినే దగ్గరగా నిలబడి తీశాడు. న్యూయార్క్ అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారులు అతణ్ని తమలో ఒకడిగా చూశారు. వాళ్లలో ఫ్రాంజ్ క్లైన్ చనిపోయాక, అతని స్మృతికి సిస్కిండ్ ఒక ఫోటోల వరుసే చేశాడు. అవీ గోడలే. అలాంటివి సికింద్రాబాదులో కోకొల్లలు. జనరల్ బజారులో ఆదివారం మూసిన షట్టర్లు, ప్యారడైజ్ దగ్గర మెట్రో స్తంభాల మీద టులెట్ కాగితం, దాని మీద మొలల వైద్యుడు, ఆయన మీద స్పోకెన్ ఇంగ్లీషు, పైన వాన. సిస్కిండ్ ఇక్కడ దిగి ఉంటే బస వెతుక్కునేవాడు. మన కుర్రాళ్లు మాత్రం కెమెరా కొన్న మర్నాడే చార్మినార్‌కు బస్సెక్కుతారు.

ఫోటోల విషయంలో సికింద్రాబాదుకు అలిగే హక్కుంది. లాలా దీన్‌దయాళ్ స్టూడియో తెరిచింది ఇక్కడే, 1886లో. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో సర్కారు నౌకరీ చేసి, కెమెరా పట్టిన మనిషి. ఆరో నిజాం ఆస్థానంలో చేరి, ‘రాజా ముసవ్విర్ జంగ్’ అయ్యారు. కంటోన్మెంటు దొరలు, వేటాడిన పులులు, నవాబుల భోజనాల బల్లలు, 1900 నాటి కరువు పనులు, అన్నీ ఆ గాజుపలకల మీదికి ఎక్కాయి. 1892లో పరదా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, అందులో ఫోటోలు తీసే పనిని కెన్నీ-లెవిక్ అనే దొరసానికి అప్పగించారు. ఆయన 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. మంచిదే, భద్రంగా ఉన్నాయి. ఢిల్లీలో ఉన్నాయి.

ఆ తర్వాత తరాలకు స్టూడియోల షోకేసులే గ్యాలరీలు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూసేవి అవే. పెళ్లికూతురు, బొద్దు పిల్లాడు, మెట్రిక్ పాసైన కుర్రాడు, ఎవరికీ పేరు తెలియని ఒక అందగత్తె. నలుపు తెలుపు ప్రింటు మీద సన్న కుంచెతో పెదవులకు ఎరుపు, చీరకు ఆకుపచ్చ అద్దేవారు. నెగటివ్ మీద పెన్సిలుతో మొటిమలు మాయం చేసేవారు. వెనక పరదా మీద తోట, పాలరాతి మెట్లు, పున్నమి చంద్రుడు, ఒక్కోచోట విమానం. ఆ పరదా గీసిన చిత్రకారుడెవరో ఏ ప్రింటు మీదా ఉండదు. మబ్బులు మాత్రం భలే వేసేవాడు, అడుగున వాష్ ఇచ్చి, పైన పొడి కుంచె లాగి; చెట్టును కత్తిరించి మబ్బును ఒక్కదాన్నే ఫ్రేము కడితే ఇవాళ ఏ గ్యాలరీ అయినా కళ్లకద్దుకుంటుంది. డిజిటల్ వచ్చాక పరదాలు పోయాయి. షోకేసుల్లో ఇప్పుడు కప్పులు, టీషర్టులు, ‘పది నిమిషాల్లో పాస్‌పోర్టు ఫోటో’.

షోకేసుల్లో బొమ్మలు పోయినా, జనం ఆగి చూసే చోటు ఇంకొకటి ఉంది, స్టేషను. సికింద్రాబాద్ స్టేషను 1874 నాటిది. సుమారు 700 కోట్లతో తలపెట్టిన కొత్త కట్టడానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఊరంతా గుర్తుపట్టే పాత ముఖద్వారాన్ని 2025 ఆరంభంలో కూల్చేశారు. కొత్తదాంట్లో మాళ్లుంటాయి, ఎస్కలేటర్లుంటాయి. రైల్వేవారు ఒక్క గోడ ఖాళీగా ఉంచాలి. దాని మీదికి ఢిల్లీ నుంచి దీన్‌దయాళ్ ప్రింట్లు పదో పాతికో తెప్పించాలి, పక్కన ఈ ఊరి కుర్రాళ్లకు కాస్త చోటివ్వాలి. రోజుకు లక్షమందికి పైగా వచ్చిపోయే జాగా అది. రైళ్లు ఎలాగూ ఆలస్యమవుతాయి, చూసే తీరిక జనానికి ఉంటుంది. ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు.